డివిస్ టవర్, మా పేట

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో చదువుతున్న మా మేనల్లుడు వీడియో కాల్‌లో డివిస్ టవర్ చూపించాడు. ఇరవై అంతస్తులు, 1966 నాటిది. చుట్టూ ఇంకా చాలా బ్లాకులుండేవి. ఎక్కువగా పేద కాథలిక్ కుటుంబాలు. 1969 ఆగస్టులో కాథలిక్కులకీ ప్రొటెస్టంట్లకీ మధ్య రేగిన అల్లర్లలో పోలీసుల మెషీన్‌గన్ తూటాలు గోడలు చీల్చుకొచ్చి, ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్ల పిల్లాడు చనిపోయాడు. తర్వాత బ్రిటిష్ సైన్యం పై రెండంతస్తులూ తీసుకుంది. కింద జనం కాపురాలు, పైన కాపలా సైనికులు! వాళ్ల రాకపోకలు చాలాకాలం హెలికాప్టర్‌లోనే. 2005లో గానీ ఖాళీ చెయ్యలేదు. మిగతా బ్లాకులు ఎప్పుడో కూల్చేశారు.

"అందరూ ఆ ప్రభువునే కొలుస్తారు కదరా, మధ్యలో ఈ గోడలేంటి?" అంది మా అత్తయ్య. కోనసీమలో కూర్చుని అడగాల్సిన మాటేనా అది! ఊరు ఇటు, కాలవ దాటాక మా దళితుల పేట అటు. ప్రభుత్వం స్థలాలిచ్చినా కొత్త కాలనీ పేటని ఆనుకునే లేస్తుంది. జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దంటూ 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లే తగలబెట్టారు. రోజుల తరబడి నెట్ లేదు. పేరు మాత్రం నిలిచింది, సంతోషం.

అక్కడ గది వెతుక్కునేటప్పుడు వాణ్ణి ఎవరూ మతం అడగలేదట. అమలాపురంలో మేం ఇల్లు అద్దెకి అడిగితే, అడ్వాన్సు మాట కంటే ముందు ఇంటిపేరు అడిగారు.