చిన్న కేబినెట్‌కి పవర్ సప్లై: వాట్ల కంటే ముందు స్కేలు

చిన్న కేబినెట్‌లో గేమింగ్ పీసీ కట్టాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఎన్ని వాట్లు కావాలనే. అంతకంటే ముందు స్కేలు తియ్యాలి. పెద్ద కేబినెట్లలో వాడే మామూలు సైజు, అంటే ఏటీఎక్స్ సప్లై, వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు, చాలా చిన్న కేబినెట్లలో పట్టదు. చిన్న కేబినెట్ల సైజైన ఎస్‌ఎఫ్‌ఎక్స్ వెడల్పు 125, ఎత్తు 63.5, లోతు 100. దాని పొడుగు రకం ఎస్‌ఎఫ్‌ఎక్స్-ఎల్ లోతు 130. కొంప ముంచేది ఆ 30 మిల్లీమీటర్ల తేడాయే. ఊడదీసే కేబుళ్ళున్న సప్లై అయితే అవి మడత తిరగడానికి ఇంకో 25, 30 వదలాలి కదా!

వాట్ల సంగతి తేలికే. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ 220, ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డీ మహా అయితే 162, మిగతావన్నీ కలిపి 60 వేసుకున్నా 450 దాటదు. 650 సరిపోతుంది, 750 అయితే ఫ్యాను నిదానంగా తిరుగుతుంది. 1000 కొనడం డబ్బు దండగ. గ్రాఫిక్స్ కార్డు రెప్పపాటులో రెట్టింపు లాగేస్తుంది కాబట్టి ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్నదే చూడండి (ఇది సైజు కాదు, ప్రమాణం పేరు; ఎస్‌ఎఫ్‌ఎక్స్ సప్లైల మీదా ఉంటుంది). గ్రాఫిక్స్ కార్డుకి వెళ్ళే పదహారు పిన్నుల (12+4) కనెక్టరును చివరంటా నొక్కాలి, మొదటి 35 మిల్లీమీటర్లలో వంచకూడదు. సైడ్ ప్యానెల్ మూస్తే అక్కడే ఒత్తుకుంటుంది. సరిగా దిగకపోతే వేడెక్కి కరుగుతుంది.

మన తిరుపతి మే నెలలో ఏసీ లేని గదే 40 డిగ్రీలుంటే కేబినెట్ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. అందుకే స్పెసిఫికేషన్లలో పూర్తి వాట్లు ఇచ్చేది 40 డిగ్రీల దగ్గరా, 50 దగ్గరా అని చూడాలి. 50 ఉన్నదే మనకు. ఫ్యాను జాలీ వైపు తిరిగి ఉండాలి.

కేబినెట్ అంచుకి చెయ్యి తగిలితే చిమచిమలాడుతోందా? ఎక్కువసార్లు తప్పు సప్లైది కాదు, ఎర్తింగ్‌ది. సప్లై లోపలి ఫిల్టరు కెపాసిటర్లు ఆ కొద్దిపాటి కరెంటును ఎర్తుకి పంపాలి, దారి లేకపోతే బాడీలోనే నిలుస్తుంది. ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోతుంది, నీళ్ళు పోసి ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. ఇంటి ఇన్వర్టరు మీద నడిపేటట్టయితే ప్యూర్ సైన్ వేవ్‌దే ఉండాలి, స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా పీసీ రీస్టార్ట్ అవుతుంది.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచి సెకండ్ హ్యాండ్ సప్లై తెప్పిస్తున్నారా? దాంతో వచ్చిన కేబుళ్ళన్నీ ఉన్నాయో లేదో అడగండి. వేరే కంపెనీ కేబుల్, ఒక్కోసారి అదే కంపెనీ వేరే మోడల్‌ది కూడా, సప్లై వైపు చక్కగా దూరుతుంది. పిన్నుల వరస మాత్రం వేరు, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే ఎస్‌ఎస్‌డీ అక్కడికక్కడే కాలిపోతుంది.