న్యూపోర్ట్ రేవులో అలాస్కా చేప

సియాటిల్ నుంచి బెయిన్‌బ్రిడ్జ్ దీవికి ఫెర్రీ ఎక్కినవాళ్ళు దాదాపు అందరూ వెనకవైపు చేరి నగరాన్ని ఫొటోలు తీసుకుంటారు. 35 నిమిషాల ప్రయాణంలో చివరి కాసేపటిని ఎవరూ పట్టించుకోరు. కార్లున్నవాళ్ళు కిందికి దిగిపోతారు, మిగతావాళ్ళు తలుపు దగ్గర బారులు తీరతారు. నేను ఎక్కిందే ఆ చివరి కాసేపటి కోసం. ఓడ ఈగిల్ హార్బర్‌లోకి తిరుగుతుండగా ఎడమవైపు ఒక బోసి నేల నీళ్ళలోకి చొచ్చుకుని కనిపిస్తుంది.

"ఏముందోయ్ అక్కడ?" అన్నాడు బావ. పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఈ ఓడ ఎన్నిసార్లు ఎక్కాడో లెక్కలేదు. తిరుగు ప్రయాణంలో నడిచి ఎక్కేవాళ్ళకు టికెట్టు లేదన్న సంగతి తప్ప ఈ దారి గురించి ఆయన ఇంకేమీ చెప్పలేదు.

అక్కడ కలపకు క్రియోసోట్ పట్టించే కర్మాగారం ఉండేది. రైలు పట్టాల కింది దిమ్మలూ, రేవు స్తంభాలూ పుచ్చిపోకుండా వాడే తారు నూనె అది. దశాబ్దాల పాటు కారి, ఇంకి, హార్బర్ అడుగున బురదలో పేరుకుంది. ఫ్యాక్టరీ 1988లో మూతపడింది. దాని పక్కనే ఒక స్మారకం ఉంది, 1942లో జపాన్ మూలాలున్న దీవివాసులను నిర్బంధ శిబిరాలకు పంపింది అక్కడి నుంచే. అది ఇంకో వ్యాసానికి సరిపడే సంగతి.

నా ఆసక్తి ఆ బురద మీద పడుకునే ఇంగ్లిష్ సోల్ అనే చేప మీద. ఇది పిల్లగా ఉన్నప్పుడు అన్ని చేపల్లాగే నిలువుగా ఈదుతుంది. పెరిగేకొద్దీ ఒక కన్ను నెత్తి మీదుగా జరిగి రెండో కంటి పక్కకు చేరుతుంది. ఆపైన జీవితమంతా ఒక పక్కకు ఒరిగి నేలకు అంటుకుని పడి ఉండడమే. బురదలోని పురుగులే దానికి తిండి. పురుగులతో పాటు తారు నూనెలోని పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లూ కడుపులోకి వెళ్తాయి. చేప కాలేయం వాటిని విరిచి బయటికి నెట్టాలని చూస్తుంది. అలా విరిచేటప్పుడు పుట్టే పదార్థాలే డీఎన్‌ఏకు అతుక్కుని కణితులకు దారితీస్తాయి. 1980లలో ఇక్కడ పట్టిన సోల్ చేపల కాలేయాలు కోసి చూసినవాళ్ళకు అవే కనిపించాయి. 1987లో ఈ చోటును అత్యంత కలుషిత స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. 1993-94లో చెడిన అడుగు మీద శుభ్రమైన ఒండ్రు తెచ్చి పరిచారు. తర్వాతి ఏళ్ళలో చేపల్లో కాలేయ జబ్బు బాగా తగ్గింది. ఒడ్డున నేలలో మాత్రం ఆ నూనె ఇంకా ఉంది.

ఇదంతా చెబితే బావ, "అంటే బురద మీద దుప్పటి కప్పారన్నమాట" అన్నాడు. వెటకారమే, కానీ జరిగింది అచ్చంగా అదే, అది పని చేసింది కూడా. జబ్బు ఏ చేపకు, ఏ బురద వల్ల, ఆ బురద ఎవరి వల్ల అన్నది తెలిసింది కాబట్టే చేయగలిగారు. ఈ మాట నాకు ఒరెగాన్ దాకా గుర్తుండిపోయింది.

సియాటిల్ నుంచి దక్షిణంగా హైవే ఐదు మీద సాగిన ప్రయాణం గురించి రాయడానికేమీ లేదు. టకోమా దగ్గర ఎప్పటిలాగే ఇరుక్కున్నాం, పోర్ట్‌లాండ్ దగ్గర ఇంకోసారి ఇరుక్కున్నాం. కోర్వాలిస్ నుంచి ఇరవయ్యో నంబరు రోడ్డు పట్టుకుని కొండలు దాటాక గానీ మనసు తేలిక పడలేదు.

ఒరెగాన్ తీరంలోని న్యూపోర్ట్‌లో కారు తలుపు తీయగానే చలి కొట్టింది. జూలై నెలాఖరు! అక్క స్వెట్టరు పెట్టుకోమంటే నవ్వి వచ్చినందుకు బావ దారంతా నన్నే తిట్టాడు. ఉత్తరం నుంచి ఒకటే గాలి. టోపీ నిలవదు, మాట వినపడదు. గదికి అడిగిన ధర వేసవిది, వాతావరణం మాత్రం మనకు సంక్రాంతి నాటిది. అయితే ఈ ఊరి కథంతా నడిపేది ఈ గాలే. వసంతం నుంచి వేసవి చివరి దాకా ఇది తీరం వెంబడి దక్షిణానికి వీస్తుంది. భూమి తిరుగుడు వల్ల పైనీరు ఒడ్డుకు దూరంగా, పడమటికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి లోతుల్లోంచి చల్లటి నీరు ఎగదన్నుకుని వస్తుంది. అందులో నైట్రేట్ల వంటి పోషకాలు దండిగా ఉంటాయి. వాటితో సూక్ష్మమైన నాచు విరగ పెరుగుతుంది, నాచు మీద చిన్న జీవులు, వాటి మీద చేపలు బతుకుతాయి. ప్రపంచంలో చేపలు విరివిగా దొరికే తీరాల్లో ఇదొకటి కావడానికి కారణం ఇదే.

అలాంటి ఊళ్ళో, ఎదురుగా ట్రాలర్లు కట్టి ఉన్న వీధిలో కూర్చుని, ఫిష్ అండ్ చిప్స్ అడిగాం. మనిషికి 20 డాలర్ల పైనే. మెనూలో చిన్న అక్షరాల్లో రాసి ఉంది: అలాస్కా కాడ్. నాకు ఒళ్ళు మండింది. మా కాకినాడ రేవు పక్కన కూర్చున్నవాడికి ఎవరైనా గుజరాత్ నుంచి వచ్చిన చేప వడ్డిస్తారా? పిండిపూత దట్టంగా ఉంది, ఆలుగడ్డ ముక్కలు చల్లారిపోయాయి, కిటికీ కింద సీ లయన్లు మన పెళ్ళి బ్యాండ్లలా అరుస్తున్నాయి. పైగా వీధిలో కారు నిలిపినందుకు వేరే డబ్బులు.

ఆ చిరాకుతోనే రేవు వంతెన మీదికి దిగాను. అక్కడొక పడవలో ఆల్బకోర్ టూనా అమ్ముతున్నారు. త్రాసు దగ్గర కూర్చున్న పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. పడవ కొడుకుది. నా ఫిర్యాదు విని ఆయన పెద్దగా నవ్వాడు.

"మా రాక్‌ఫిష్‌ను మీరెందుకు అడగలేదు?"

"మెనూలో లేదండీ."

"మెనూలోంచి తీసేసింది మేమే" అని చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత ఆయన ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. బావ రెండుసార్లు వచ్చి గడియారం చూపించి వెళ్ళాడు.

ఆయన చెప్పినదీ, నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. 1960లలో సోవియట్, జపాన్ ట్రాలర్లు ఈ తీరానికి వచ్చి పసిఫిక్ ఓషన్ పెర్చ్ అనే ఎర్రటి రాక్‌ఫిష్‌ను ఊడ్చేశాయి. 1976లో అమెరికా తీరం నుంచి 200 మైళ్ళ దాకా వేట హక్కు తనదేనన్న చట్టం తెచ్చి వాళ్ళను వెళ్ళగొట్టింది. తర్వాత ఆ ఊడ్పు పని స్థానిక పడవలు అందుకున్నాయి. బ్యాంకులు పిలిచి మరీ అప్పులిచ్చిన రోజులవి. ఈయనా అప్పుడే ట్రాలర్ కొన్నాడు. రాక్‌ఫిష్‌లు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. కొన్ని రకాలు వందేళ్ళు దాటి బతుకుతాయి. పసుపు కళ్ళ ఎల్లోఐ రాక్‌ఫిష్ ఈడుకు రావడానికే ఇరవై ఏళ్ళ దాకా పడుతుంది. వయసు మళ్ళిన పెద్ద ఆడచేపలే ఎక్కువ పిల్లల్ని, గట్టి పిల్లల్ని కంటాయి. వలకు ముందు చిక్కేవీ, ధర పలికేవీ కూడా అవే. 2000 జనవరిలో అమెరికా వాణిజ్య శాఖ ఈ తీరపు అడుగు చేపల వేటను విపత్తుగా ప్రకటించింది. 2003లో 91 ట్రాలర్ల లైసెన్సులు కొనేసి వాటిని వేట నుంచి తప్పించారు. "వాటిలో మాదొకటి" అన్నాడు, టూనా తూస్తూనే.

మా వైపు కూడా వేట నిషేధం ఉందని చెప్పాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా.

"ఎన్ని రోజులు?"

"61."

ఆయన వెక్కిరించలేదు. మీ చేప ఎన్నాళ్ళకు పెద్దదవుతుందని అడిగాడు. గులివిందల వంటివి ఏడాది తిరిగేసరికి గుడ్లకు వస్తాయన్నాను. "అయితే మీకు రెండు నెలలతో కొంత నడుస్తుంది. మా చేపకు మనిషి ఆయుష్షు కావాలి" అన్నాడు. నిషేధం గురించి మా ఊళ్ళో ఎన్నో వాదనలు విన్నాను గానీ, చేప వయసును బట్టి నిషేధాన్ని కొలవాలని ఎవరూ అనగా వినలేదు. కాకినాడలో ట్రాలర్ దించిన కుప్పలో వేలెడంత చేపలన్నీ కోళ్ళ దాణాకు పోవడం చూసిన కళ్ళకు, ఆయన లెక్క కాస్త గుచ్చుకుంది కూడా.

2011 నుంచి ఇక్కడ ఒక్కో ట్రాలర్‌కు ఒక్కో రకం చేపలో ఇంత వాటా అని పంచారు. ఎవరు ఏం పట్టారో, ఏం పారేశారో రాసుకోవడానికి పడవలో పరిశీలకుణ్ణో, తర్వాత కెమెరానో పెట్టారు. చేప తిరిగి వచ్చింది. పెట్రాలే సోల్, కెనరీ రాక్‌ఫిష్ కోలుకున్నాయని 2015లో ప్రకటించారు. అరవైలలో ఊడ్చేసిన ఓషన్ పెర్చ్ 2017లో కోలుకుంది, అంటే దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. ఎల్లోఐ ఇంకా కోలుకుంటూనే ఉంది. ఈలోగా హోటళ్ళు అలాస్కా కాడ్‌కూ, చెరువుల తిలాపియాకూ అలవాటు పడ్డాయి. ఇప్పుడు కొన్ని రాక్‌ఫిష్‌ల వాటా పూర్తిగా పట్టడమే లేదు, కొనేవాళ్ళు లేక. నా ప్లేటులోకి పరాయి చేప వచ్చిన వైనం ఇది. కోపం పోయింది గానీ 20 డాలర్లు మాత్రం ఇంకా కలుక్కుమంటున్నాయి.

మర్నాడు 1936 నాటి పెద్ద వంతెన దాటి, అవతలి ఒడ్డున ఉన్న హ్యాట్‌ఫీల్డ్ సముద్ర శాస్త్ర కేంద్రానికి వెళ్ళాం. బావ ఆక్టోపస్ తొట్టె వదిలి రాలేదు. నేను వెళ్ళింది చేప చెవిలో ఉండే గట్టి పూస కోసం. దాన్ని అడ్డంగా కోస్తే ఏడాదికొక వలయం కనిపిస్తుంది, చెట్టు మానులో ఉన్నట్టే. తిండి బాగా దొరికిన ఏడాది వలయం వెడల్పుగా, సముద్రం వేడెక్కి నాచు కరువైన ఎల్‌నినో ఏడాది సన్నగా ఉంటుంది. ఒక ముసలి రాక్‌ఫిష్ తలలో దశాబ్దాల సముద్రపు వాతావరణం రాసి ఉంటుంది. వాతావరణ పరికరాలు లేని కాలం నాటిది కూడా.

ఆ చేపలకు ఇప్పుడు వచ్చిన చిక్కు వల వల్ల కాదు. సాయంత్రం మళ్ళీ రేవుకు వెళ్ళినప్పుడు పెద్దాయన ఆ మాట ఎత్తాడు. 2002 వేసవిలో పీతల బోన్లు పైకి లాగితే చచ్చిన పీతలు వచ్చాయట. అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు. 2006లో న్యూపోర్ట్‌కు దక్షిణాన కేప్ పర్‌పెచువా వైపు కెమెరా దింపి చూస్తే, అంతకుముందు రాక్‌ఫిష్‌లు కిటకిటలాడిన రాళ్ళ మీద ఒక్క చేప లేదు. కొన్ని చోట్ల నీళ్ళలో ఆక్సిజన్ సున్నాకు చేరింది.

అదీ ఈ గాలి పనే. పైకి వచ్చే లోతు నీరు ఉపరితలాన్ని చూసి దశాబ్దాలై ఉంటుంది. దాని ఆక్సిజన్ దారిలోనే చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. వేడెక్కిన సముద్రం గాలి నుంచి ఆక్సిజన్‌ను తక్కువగా కలుపుకుంటుంది కాబట్టి, ఇప్పుడు వచ్చే నీటిలో అది మునుపటి కన్నా తక్కువ. పైన పెరిగిన నాచు చచ్చి అడుగుకు దిగాక దాన్ని కుళ్ళబెట్టే బాక్టీరియా మిగిలిన కాస్తా తినేస్తుంది. డోవర్ సోల్, థార్నీహెడ్ వంటి చేపలు పుట్టుకతోనే తక్కువ ఆక్సిజన్‌కు అలవాటు పడ్డవి. మిగతావి ఒడ్డు వైపు తక్కువ లోతుకు జరుగుతాయి, అక్కడ గుంపు కడతాయి. అలాంటప్పుడు వల బరువుగా వస్తుంది. "వల బరువు చూసి చేప పెరిగిందనుకుంటే మళ్ళీ 2000 సంవత్సరానికే వెళ్తాం" అన్నాడాయన.

బావకు ఇక్కడ పట్టుదల వచ్చింది. ఈగిల్ హార్బర్‌లో బురద కప్పినవాళ్ళు, ఇక్కడ 91 పడవలు ఆపినవాళ్ళు, దీనికీ ఏదో ఒకటి చేయకపోరన్నాడు. నేను ఒప్పుకోలేదు. అక్కడ ఫ్యాక్టరీకి గేటు ఉంది, ఇక్కడ పడవకు లైసెన్సు ఉంది. సముద్రం వేడెక్కడాన్ని ఏ రేవులో ఆపుతారు? గల్ఫ్ ఆఫ్ అలాస్కానే చూడమన్నాను. 2014 నుంచి 2016 దాకా సముద్రం మీద వేడి తిష్ట వేసింది. నీరు వేడెక్కిన కొద్దీ కాడ్‌కు ఆకలి పెరిగింది, తిండి తరిగింది. చేపలు ఎంతగా తగ్గాయంటే 2020లో అక్కడి ఫెడరల్ జలాల్లో కాడ్ వేట మొత్తం ఆపేశారు. వాటాలు, పరిశీలకులు అన్నీ ఉన్న చోటే జరిగిందిది. బావ ఒప్పుకోలేదు, సియాటిల్ చేరేదాకా ఒప్పుకోలేదు.

పెద్దాయన మా తగువులో తల దూర్చలేదు. కొడుకు పీతల బోన్లలో కొన్నింటికి విశ్వవిద్యాలయం వాళ్ళు ఇచ్చిన ఆక్సిజన్ కొలిచే పరికరాలు కట్టారని, బోను పైకి రాగానే ఆ లెక్క పడవలోనే తెలుస్తుందని చెప్పాడు. లీటరు నీటిలో 1.4 మిల్లీలీటర్లకు తగ్గితే అడుగు జీవాలకు గండమని లెక్క. నిన్న ఉత్తరం వైపు వరసలో తక్కువ చూపిందట, అందుకని బోన్లు తీసి తక్కువ లోతుకు మార్చాడట. ఆగస్టు మధ్యలో పీతల వేట ముగిసేదాకా ఇలా మారుస్తూనే ఉంటాడట.

"బోన్లంటే మార్చారు, రాళ్ళను పట్టుకుని ఉండే ఎల్లోఐ సంగతేమిటి?" అన్నాను.

"అది ఎక్కడికి పోతుందో కనిపెట్టడానికే ఈ లెక్కలు" అన్నాడు. తర్వాత బావ వైపు తిరిగి, టూనా పైనీళ్ళలో తిరిగే చేప, దానికి ఈ బెడద లేదు, కొంటారా కొనరా అని అడిగాడు. బావ కొన్నాడు. బేరం ఆడాడు కూడా, ఆయన ఒక్క డాలరు తగ్గించలేదు.