డోర్నకల్ బిషప్ అజరయ్య గారు

బిషప్ అజరయ్య గారి పేరు చెప్పగానే క్రైస్తవ సంఘ చరిత్ర చదివినవారికి 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభ గుర్తుకు వస్తుంది. మిషనరీల త్యాగాలను కృతజ్ఞతతో తలచుకుంటూనే, మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అని ఆయన ఆ సభలో అడిగారు. ఆ ప్రసంగం గొప్పదే. అయితే ఆయన జీవితంలోని అసలు పని అంతా ఆ తరువాత మన తెలుగు పల్లెల్లోనే జరిగింది కనుక, ఆయనను ఆ ఒక్క మాటతో సరిపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వేదనాయగం సామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో ఒక ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘానికి చెందిన) గురువు, అంటే పాదిరి, ఇంట పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఏ. (క్రైస్తవ యువజన సంఘం) కార్యదర్శిగా పనిచేశారు. భారతీయుల డబ్బుతో, భారతీయుల చేతుల మీదుగానే సువార్త పని సాగాలన్న పట్టుదలతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు ముందు నిలిచారు. ఆ సంఘం నిజాం రాష్ట్రంలోని డోర్నకల్‌ను తన క్షేత్రంగా ఎంచుకున్నప్పుడు, ఇతరులను పంపి తాను ఊరుకోలేక, 1909లో గురువుగా అభిషేకం పొంది, తానే అక్కడికి వెళ్లి తెలుగు నేర్చుకున్నారు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఒక భారతీయుడి కింద పనిచేయడానికి కొందరు తెల్ల మిషనరీలకు మనసొప్పని ఆ రోజుల్లో మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డారు. మొదట అప్పగించిన అధ్యక్ష మండలం, అంటే బిషప్ పాలన కింద ఉండే ప్రాంతం, చిన్నది. తరువాతి కాలంలో అది బాగా విస్తరించింది.

ఆయన పనిలో నన్ను అన్నిటికంటే కదిలించేది బాప్తిస్మపు ఆచారం. మాల, మాదిగ వాడల నుంచి వచ్చి బాప్తిస్మం పొందిన ప్రతివారిచేతా, తమ చేతిని తమ నెత్తినే పెట్టించి, ‘నేను సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ’ అన్న పౌలు మాటను పలికించేవారు. తరతరాలుగా ఎవరూ ఏ బాధ్యతా అప్పగించని మనిషికి, అక్షరం ముక్క రాకపోయినా సరే, సంఘంలో చేరిన రోజునే సంఘపు పనిని చేతిలో పెట్టడమంటే ఎంతటి గౌరవమో ఆలోచించండి.

1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్‌లోనూ, సంఘం ఇక్కడివారి సొంతం కావాలన్న ఇదే మనసు కనబడుతుంది. దాని స్తంభాలు గుడి మంటపాన్ని, గుమ్మటాలు మసీదును గుర్తుచేస్తాయి. ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి పెట్టినట్టు ఉండదు.

1919లో తరంగంబాడి సమావేశం నుంచి ఆయన దక్షిణ భారత సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డారు కానీ, 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూయడం వల్ల, 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘాన్ని (సి.ఎస్.ఐ.) చూడలేకపోయారు. అంతకంటే నన్ను బాధించేది మరొకటి ఉంది. ఆయన అంత సమర్థంగా నడిపి చూపించినా, ఆయన బతికి ఉన్నంత కాలం ఆంగ్లికన్ సంఘం ఇంకే భారతీయుడికీ ఒక అధ్యక్ష మండలాన్ని అప్పగించలేదు.