మామ ఫోన్‌లో తెరుచుకోని యాప్

పొద్దున ఆరున్నరకే మేనమామ ఫోన్. తిప్పర్తి దగ్గర తోటలో బత్తాయి కోత నడుస్తోంది, లారీ వచ్చి నిలబడిందట. "అల్లుడా, నీ యాప్ నొక్కంగనే మాయమైతుంది. కాటా లెక్కలు యాడ రాసుకోవాలె?" కొత్త వెర్షన్ పంపింది నిన్న రాత్రే. ఈ పూటకు కాయితం మీద రాయమన్నాను గానీ నిద్ర ఎగిరిపోయింది.

నా ఫోన్‌లో బాగానే ఉంది, ల్యాప్‌టాప్‌లో ఫోన్‌లా నటించే సిమ్యులేటర్‌లోనూ అంతే. క్రాష్ రిపోర్టులు చూస్తే ఒక్కటీ లేదు. టెన్షన్ మొదలైంది అక్కడే. యాప్ పడిపోతోంది, పడిపోయినట్టు జాడ లేదు. రిపోర్టు పంపే కోడ్ కూడా యాప్‌లో భాగమే కదా, దాని వంతు రాకముందే పడిపోతుంటే ఎవరు పంపుతారు?

ల్యాప్‌టాప్, కేబుల్ సంచిలో వేసుకుని నల్లగొండ నుంచి బండి మీద బయల్దేరాను.

మామది ఐఫోన్ 7. కొడుకు వాడి ఇచ్చింది, అద్దం ఓ మూల పగిలింది. దానికి ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 15 దాటి ఎక్కదు. చెట్టు కింద కూర్చుని సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో అనలిటిక్స్ డేటా తెరిస్తే మా యాప్ పేరుతో వరుసగా పదకొండు ఫైళ్లు. పాపం, పదకొండుసార్లు నొక్కాడు. అన్నింట్లోనూ ఒకటే మాట: డీవైఎల్‌డీ, సింబల్ మిస్సింగ్. అంటే యాప్‌ను మొదలుపెట్టే డీవైఎల్‌డీ అనే ప్రోగ్రాంకు యాప్ అడిగిన పేరొకటి దొరకలేదని. కింద దొరకని పేరు కూడా ఉంది, యూఐ క్యాలెండర్ వ్యూ.

అది తెర మీద క్యాలెండర్ చూపించడానికి ఆపిల్ రాసిపెట్టిన కోడ్ ముక్క, 2022లో ఐఓఎస్ 16తో వచ్చిన క్లాసు. అలాంటి క్లాసులుండే ఆపిల్ లైబ్రరీ యూఐకిట్. మామ ఫోన్‌లోని యూఐకిట్‌కు ఆ పేరే తెలియదు.

"ఏమైంది?" అన్నాడు మామ. లారీకి కాయలెత్తడానికి రావలసిన హమాలీల పేర్ల చిట్టీ ఆయన చేతిలోనే ఉంది, దాన్నే చూపించాను. యాప్ మొదలవగానే డీవైఎల్‌డీ అనేవాడు చిట్టీ పట్టుకుని ఒక్కో పేరూ పిలుస్తాడు. ఒక్కరు లేకున్నా లారీ కదలనివ్వడు. "ఒక్కడు రాకుంటే పని బందు పెడ్తరా? మిగిలినోళ్లతోటి ఎత్తియ్యరాదు?" అన్నాడు. సరిగ్గా దానికే వీక్ లింకింగ్ అని పేరు. ఫలానా పేరు లేకపోయినా ఫర్వాలేదని చిట్టీలోనే గుర్తు పెట్టడం. కోడ్‌లో మాత్రం, ఉన్నాడో లేడో చూసుకున్నాకే పని చెప్పాలి.

మామూలుగా ఆ గుర్తు, మనం రాసిన కోడ్‌ను ఫోన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలరే పెడుతుంది, మన యాప్ ఐఓఎస్ 14 నుంచి నడవాలని చెప్పాం కాబట్టి. కానీ తేదీ ఎంచుకునే క్యాలెండర్ కోసం నేను కలిపిన లైబ్రరీ ముందే కంపైలైన స్టాటిక్ లైబ్రరీ, అంటే ఉన్నదున్నట్టు యాప్‌లో కలిసిపోయే సిద్ధం కోడ్. దాన్ని తయారుచేసినప్పుడు కనీస వెర్షన్ 16 అని పెట్టారు. 16లో ఆ క్లాసు ఎలాగూ ఉంటుంది కాబట్టి అప్పటి కంపైలర్ ఏ గుర్తూ పెట్టకుండా తప్పనిసరి చేసేసింది. ముక్కలన్నీ కలిపి యాప్ కట్టే లింకర్ చెప్పింది కూడా: ఈ ఆబ్జెక్ట్ ఫైల్ (కంపైలైన ముక్క) కొత్త ఐఓఎస్ కోసం కట్టింది, నువ్వు పాతదానికి లింక్ చేస్తున్నావు అని. నేను యాప్‌లు రాసే ఎక్స్‌కోడ్‌లో పసుపు రంగు హెచ్చరిక. అలాంటివి నా ప్రాజెక్టులో నలభై దాకా ఉన్నాయి. పసుపే కదా, శుభం అనుకున్నానేమో.

ఆ లైబ్రరీ సోర్సు నా దగ్గరుంది. కనీస వెర్షన్ 14కు దించి కంపైల్ చేస్తే ఎక్స్‌కోడ్ మూడు చోట్ల ఎర్రగా అరిచింది, ఇది ఐఓఎస్ 16లోనే దొరుకుతుందని. ఆ మూడు చోట్లా, ఫోన్‌లో ఆ క్లాసు ఉందో లేదో చూసే అవైలబుల్ చెక్ పెట్టి, పాత ఫోన్లకు పాత డేట్ పికర్ ఇచ్చాను. అరగంట పని. ల్యాప్‌టాప్ బ్యాటరీ పన్నెండు శాతానికి వచ్చేసరికి కేబుల్‌తో మామ ఫోన్‌లోకి ఎక్కించాను.

తెరుచుకుంది. మామ రెండుసార్లు మూసి మళ్లీ తెరిచి చూసుకున్నాడు, నమ్మకం లేక. అప్పటికి లారీ వెళ్లిపోయింది. కాటా లెక్కలన్నీ కాయితం మీదే ఉన్నాయి.

"ఇగ ఇవన్నీ నువ్వే ఎక్కియ్యి" అని కాయితాలు నా ఒళ్లో పెట్టి, బత్తాయి రసం తేవడానికి లేచాడు.