ఆటోనగర్‌లో మూడు గంటలు

నిన్న విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ గారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నాన్నగారి 1994 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100 కార్బురేటర్‌ను (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఆయన సరిచేసే తీరు మూడు గంటల సేపు చూశాను. సగం యాక్సిలరేటర్ దగ్గర బండి గొంతు పట్టినట్టు అయిపోయేది. అంతకుముందు చూపించిన చోట ప్రతిసారీ ఐడ్లింగ్ స్క్రూ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజిన్ వేగాన్ని సరిచేసేది) తిప్పి పంపేవారు. రెండు రోజులకే కథ మళ్లీ మొదటికి వచ్చేది.

ఈయన ముందు స్క్రూల జోలికే పోలేదు. స్పార్క్ ప్లగ్ విప్పి, దానికి పట్టిన తడి మసిని చూపించి, "పెట్రోలు ఎక్కువవుతోందండీ, గాలి చాలడం లేదు" అన్నారు. ఎయిర్ ఫిల్టర్ కడిగి, తక్కువ యాక్సిలరేటర్ దగ్గర పెట్రోలు వదిలే సన్నని రంధ్రమున్న పైలట్ జెట్‌ను తీగతో పొడవకుండా (నేను ఇంట్లో చేసిన పాపం అదే) గాలి పట్టించి, కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ ఎత్తు సరిచూసి, పెట్రోలు దారిలో కిందికీ పైకీ కదిలే నీడిల్ (సూది)కి ఉన్న క్లిప్‌ను ఒక గాడి పైకి మార్చారు. క్లిప్ పైకి వెళితే నీడిల్ కిందికి దిగి, సగం యాక్సిలరేటర్ దగ్గర పెట్రోలు తగ్గుతుంది. ఇంజిన్ వేడెక్కాకే, ఐడ్లింగ్‌లో గాలి పాళ్లను సరిచేసే ఎయిర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తిప్పుతూ చెవితోనే తేల్చుకున్నారు.

ఖాళీ రోడ్డు మీద పూర్తి యాక్సిలరేటర్‌తో నడిపి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, ప్లగ్ మళ్లీ విప్పితే కాఫీపొడి రంగులో ఉంది. ప్లగ్ తెల్లబడేంతగా పెట్రోలు తగ్గిస్తే టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ పట్టేస్తుంది (సిలిండర్‌లో బిగుసుకుపోతుంది) కనుక, మైలేజీ కోసం ఇంకొంచెం తగ్గించమన్న నా మాటను ఆయన వినిపించుకోలేదు.