సంచుల్లో పొలం

2018లో జపాన్‌లోని ఫుకుషిమా ప్రాంతంలో ఈటతే అనే పల్లెకు వెళ్ళాను. ఆ రోజు చూసింది ఇప్పటికీ మనసులోంచి పోవడం లేదు.

వరి పండాల్సిన మడుల్లో నల్ల సంచులు. ఒకదాని మీద ఒకటి, వరసలు వరసలుగా. లోపల ఉన్నది చెత్త కాదు, మట్టి. అదీ పైపైన ఉండే 5 సెంటీమీటర్ల మట్టి. అంటే తరాల తరబడి ఎరువేసి, దున్ని, సారం చేసుకున్న పొర. ఒక సంచి కుట్టు దగ్గర చిరిగి, అందులోంచి గడ్డి మొలిచింది. పచ్చగా, లేతగా. దాన్ని చూస్తే గొంతు పట్టేసింది.

ఆ పల్లె ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలోని రియాక్టర్లకు సుమారు 40 కిలోమీటర్ల దూరం. 2011 మార్చిలో అక్కడ ప్రమాదం జరిగినప్పుడు గాలి అటు తిరిగింది, వానా మంచూ పడ్డాయి, రేడియోధార్మిక పదార్థమైన సీజియం నేలకు దిగింది. అంతే. సీజియం-137 సగం కావడానికే 30 ఏళ్ళు. అది బంకమట్టి రేణువులను పట్టుకుంటే ఓ పట్టాన వదలదు, లోతుకూ పెద్దగా దిగదు. పైపొర గీకి తీయగలిగారంటే అందుకే. కానీ అడవిని ఎలా గీకుతారు? కొండలు చాలావరకు అలాగే వదిలేశారు.

తర్వాత సంచులను రియాక్టర్ల చుట్టూ ఉన్న ఒకుమా, ఫుతాబా ఊళ్ళలోని నిల్వ కేంద్రానికి తరలించారు. మొత్తం సుమారు 1.4 కోట్ల ఘనపు మీటర్లు. 2045లోపు దాన్ని ఫుకుషిమా దాటించాలని చట్టంలోనే రాసుకున్నారు. నాకు ఎక్కువ బాధ ఆ రెండు ఊళ్ళ వాళ్ళను తలచుకుంటేనే. ఇళ్ళు పోయాయి, ఆ జాగాలో పక్క ఊళ్ళ మట్టి కూడా వచ్చి కూర్చుంది.