నాలుగు రెక్కల కవాటం

మెట్లెక్కితే ఆయాసం చాలామందికి ఉండేదే. నాకు దాంతోపాటు ఇంకోటి ఉండేది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే గుండె దబదబా కొట్టుకోవడం తెలిసేది. బీపీ 150/50. పై అంకె చూసి ఒకరు మాత్రలు రాసిచ్చారు. కింది అంకె అంత తక్కువ ఎందుకుందని ఆలోచించింది తర్వాత చూసిన డాక్టరమ్మ. ముందుకు వంగి, ఊపిరి పూర్తిగా వదిలి ఆపమని, స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. "గుండె కవాటం లీకవుతోంది, ఎకో తీయిద్దాం" అన్నారు. ఎకో అంటే గుండెకు తీసే అల్ట్రాసౌండ్ స్కాన్.

మామూలు ఎకోలో లీకేజీ కనిపించింది గానీ కారణం తేలలేదు. గొంతులోంచి గొట్టం దించి తీసిన ఎకోలో బయటపడింది. గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం బృహద్ధమని. దాని మొదట్లో ఉండే కవాటానికి మూడు రెక్కలుండాలి, నాకు నాలుగున్నాయి. రెండు రెక్కలతో పుట్టేవాళ్లు వందకు ఒకరిద్దరు ఉంటారట. నాలుగంటే పదివేల మందిలో ఏ కొద్దిమందికో. ఓ రెక్క ఎక్కువుంటే ఇంకా గట్టిగా మూసుకోవాలి కదా అని మా తమ్ముడి వాదన. అలా జరగదు. నాలుగూ కలిసే చోట మధ్యలో సందు మిగిలిపోతుంది, రక్తం అందులోంచి వెనక్కి వచ్చేస్తుంది.

ఇక ఆపరేషనే అనుకుంటే, సర్జన్ ముందు సీటీ యాంజియో, అంటే రక్తనాళాలను చూపించే స్కాన్, కావాలని పట్టుబట్టారు. మళ్లీ ఇంకో పరీక్షా అని విసుగొచ్చింది. ఆయన చెప్పింది విన్నాక విసుగు పోయి టెన్షన్ పట్టుకుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు ఈ కవాటం, దాన్ని ఆనుకున్న పెద్ద రక్తనాళాలు ఒకే మూలం నుంచి తయారవుతాయి. ఒకటి తేడాగా ఉంటే పక్కవాటినీ చూడాల్సిందే. చూస్తే, గుండె కండరానికి రక్తం ఇచ్చే కుడి కరోనరీ ధమని మొదలయ్యే రంధ్రం ఉండాల్సిన చోట లేదు, కవాటం అంచుకు బాగా దగ్గరగా ఉంది. ముందు తెలియకపోతే కొత్త కవాటం చట్రం దానికి అడ్డుపడేది. నన్నడిగితే నా ప్రాణం కాపాడింది ఆపరేషన్ ఎంతో ఆ సీటీ కూడా అంతే.

లోహపు కవాటం పెట్టారు. మొదటి వారాల్లో నొప్పి కన్నా దగ్గంటేనే భయం. ఛాతీకి దిండు అదుముకుని దగ్గేవాణ్ణి. రొమ్ము ఎముక పూర్తిగా అతుక్కునేదాకా బరువులు ఎత్తొద్దన్నారు. ఊరికే ఏడుపొచ్చేది. గుండె ఆపరేషన్ తర్వాత అది మామూలేనని నర్సు చెప్పేదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టకుండా ఇప్పుడు రోజూ వార్ఫరిన్ మాత్ర, జీవితాంతం. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తరచూ. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మాత్ర పనిని తగ్గిస్తుంది. అలాగని వాటిని మానక్కర్లేదు గానీ ఒకరోజు గంపెడు, ఒకరోజు అసలు లేకుండా తినకూడదు. పన్ను పీకించుకోవాలంటే, కవాటానికి ఇన్ఫెక్షన్ సోకకుండా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి.

బృహద్ధమని కొంచెం వెడల్పయింది, 4.1 సెంటీమీటర్లు. కవాటం మార్చేటప్పుడు సాధారణంగా 4.5 దగ్గర దాన్నీ మార్చే ఆలోచన చేస్తారట. అందుకే నాది అలాగే వదిలేశారు. దానికోసం స్కాన్లు కొనసాగుతూనే ఉన్నాయి, వచ్చే నెల మళ్లీ ఉంది.